కొండమీది కోట, ఊరి నడుమ గడీ: అమ్మేది ఎవరి భూమి?

ఇటలీ దేశంలో కొండల మీద కట్టిన పాత కోటలు అప్పుడప్పుడు అమ్మకానికి వస్తుంటాయి. ఆ ప్రకటనలు చదివితే మన కూలి జనానికి ముందు నవ్వొస్తది, తర్వాత కోపమొస్తది. ఇన్ని వందల ఏండ్ల నాటి కోట, ఇన్ని గదులు, ఒక బురుజు, ఒక చిన్న ప్రార్థన మందిరం, ద్రాక్ష తోట ఇన్ని హెక్టార్లు, ఆలివ్ చెట్లు ఇన్ని వందలు, అడవి ఇంత, కొండ కింద పాడుబడ్డ రైతుల ఇండ్లు ఇన్ని. ఆఖరు మాట చూడండి: రైతుల ఇండ్లు. చెట్లను లెక్కబెట్టినట్టే వాటినీ లెక్కబెట్టారు. ఆ ఇండ్లలో ఎవరుండిరి, ఎందుకు ఖాళీ చేసి పోయిండ్రు అన్న సంగతి ప్రకటనలో ఉండదు. ఈతకొలను కట్టుకోవడానికి జాగా ఉందన్న సంగతి మాత్రం తప్పకుండా ఉంటది.

నందిపేట్‌లో కూర్చుని ఇటలీ కోటల ముచ్చట మనకెందుకని ఎవరన్నా అడగవచ్చు. ఆ ప్రకటనలో ద్రాక్ష తోట బదులు మామిడి తోట అని, ప్రార్థన మందిరం బదులు గడీలోని గుడి అని, ఆలివ్ చెట్ల బదులు చెరువు కింది తరి అని రాసి చూడండి. అది తెలంగాణలో ఏదో ఒక ఊరి గడీ ప్రకటనే అయితది. దొరల వారసులు హైదరాబాదులోనో, సముద్రాల అవతలనో స్థిరపడ్డారు. గడీ కప్పు కూలింది, గోడల మీద రావి మొలిచింది. కాని దాని పేరు చెప్పి నిలిచిన పట్టా మాత్రం చెక్కుచెదరలేదు. ప్లాట్ల వ్యాపారులు, రిసార్టులు పెట్టేవాళ్లు, తోటలు కొనే పట్నం పెట్టుబడిదారులు వెతికేది ఆ రాళ్లను కాదు, ఆ పట్టాను. గడీ అమ్మకమంటే ఇల్లు అమ్మకం అనుకుంటే మోసపోతాం. అది రికార్డు అమ్మకం. ఆ రికార్డులో నలభై ఏండ్ల కింద డబ్బు కట్టి కొనుక్కున్నవాని భూమి కూడా దొర పేరు మీదే ఉంటే, అమ్ముడుపోయేది గడీ ఒక్కటే కాదు.

ఇటలీ రైతు ఏం సాధించుకున్నాడు

ముందు ఇటలీ సంగతే చూద్దాం. మధ్య ఇటలీలో, ముఖ్యంగా టస్కనీ, ఉంబ్రియా ప్రాంతాల్లో, వందల ఏండ్లు నడిచింది సగపాలు సేద్యం. దానిని వాళ్ల భాషలో మెజ్జాద్రియా అంటారు. భూమి, ఇల్లు యజమానివి, చాకిరీ రైతు కుటుంబానిది, పంటలో సగం సగం. సగం అన్నది మాట వరసకే. పండుగకు కోళ్లు, గుడ్లు తీసుకుపోయి ఇయ్యాలె, ఆడవాళ్లు పెద్దింటి బట్టలు ఉతకాలె, ఇంట్లో పెండ్లి కావాలన్నా యజమాని చెవిన వేయాలె. చదివితే మన గడీ కింది వెట్టి గుర్తుకు రాకుండా ఉంటదా? మన దగ్గర చాకలి, మంగలి, కుమ్మరి, సుంకరి ఎవరి కులం పని వారు ఉత్తగ చేయాల్సిందే. మాదిగలు చెప్పులు కుట్టి, మోట బొక్కెనలు కుట్టి, గడీ కబుర్లు మోసుకుని ఊరూరు తిరగాల్సిందే. అక్కడ పాదిరి కొండ మీద దీవించాడు, ఇక్కడ పట్వారీ కచేరీలో రాసుకున్నాడు. తేడా అంతే.

దక్షిణ ఇటలీలో పరిస్థితి ఇంకా ఘోరం. అక్కడ వేల హెక్టార్ల బీడు భూమి జమీందార్ల కింద పడావు ఉంటే, కూలీలు దినం కూలికి చౌరస్తాల్లో నిలబడేవారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఆ కూలీలు బీళ్ల మీదికి నడిచి దున్నడం మొదలుపెట్టారు. 1949 అక్టోబరు 29న కలాబ్రియా ప్రాంతంలో మెలిస్సా అనే ఊరి రైతులు ఫ్రగలా అనే ఎస్టేటులో దున్నుతుంటే పోలీసులు కాల్పులు జరిపారు. ఫ్రాంచెస్కో నీగ్రో, జొవాన్ని జీతో అనే పదిహేనేండ్ల పిల్లవాడు, అంజెలీనా మావురో అనే యువతి ప్రాణాలు విడిచారు. నెపోలియన్ కాలం నాటి చట్టమే అందులో సగం భూమి ఊరుమ్మడిదని చెప్పిందట. బారన్ దానిని ఆక్రమించి కూర్చున్నాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే తెలంగాణ పల్లెల్లో యూనియన్ సైన్యం క్యాంపులు వేసి, సంఘం పంచిన భూములను మళ్లీ దొరలకు అప్పగిస్తున్నది. ఆ రెండు ఊర్ల రైతులకు ఒకరి పేరు ఒకరికి తెలియదు, కాని పోరాటం ఒక్కటే.

మెలిస్సా రక్తం వృథా కాలేదు. 1950లో అక్కడి ప్రభుత్వం రెండు భూసంస్కరణ చట్టాలు తెచ్చింది, వాటి కింద దాదాపు 7 లక్షల హెక్టార్లు తీసుకున్నది. అంతకు ముందే, 1948లో అమలులోకి వచ్చిన రాజ్యాంగంలోనే, కులీనుల బిరుదులకు గుర్తింపు లేదని రాసుకున్నారు. సగపాలులో రైతు వాటా 1947లో 53 శాతానికి, 1964లో 58 శాతానికి పెరిగింది. ఆ 1964 చట్టంతోనే కొత్తగా సగపాలు ఒప్పందాలు రాయడం నిషేధించారు. 1982లో మిగిలిన వాటిని నగదు కౌలుగా మార్చే చట్టం వచ్చింది. కాని అప్పటికే యువకులు ఫ్యాక్టరీల వైపు నడిచిపోయారు, కొండ కింది ఇండ్లు ఖాళీ అయ్యాయి. అవే ఇండ్లను ఇప్పుడు విదేశీ ధనికులకు అమ్ముతున్నారు. పోరాడినవాళ్లకు భూమి దక్కే లోపల బతుకుదెరువు వాళ్లను పట్నం గుంజుకుపోయింది. మన నిజామాబాదు జిల్లాలో గల్ఫ్ విమానాలు ఎక్కిన వాళ్ల కథ దీనికి ఎంత దూరం?

అయినా ఇటలీ చట్టంలో మనం పట్టుకోవాల్సిన అంశం ఒకటున్నది. 1965లో వచ్చిన చట్టం ప్రకారం వ్యవసాయ భూమి అమ్మదలచిన యజమాని, దానిని కౌలుకు దున్నుతున్న రైతుకు ఆ సంగతి ధరతో సహా ముందు తెలపాలె. 30 రోజుల్లో అదే ధరకు నేనే కొంటానని చెప్పే మొదటి హక్కు ఆ రైతుది. చెప్పకుండా మూడోవానికి అమ్మితే, అమ్మకం రిజిస్టరైన ఏడాది లోపల రైతు కోర్టుకు పోయి ఆ భూమిని తన పేరు మీదికి తెచ్చుకోవచ్చు. 1971లో ఈ హక్కును పక్క చేను రైతుకు కూడా ఇచ్చారు. కోట చారిత్రకమైనదైతే ప్రభుత్వానికి కూడా అట్లాంటి హక్కే ఉన్నది: 2004 నాటి వారసత్వ సంపద చట్టం కింద అమ్మకం కబురు అందిన 60 రోజుల్లో సర్కారే ఆ ధరకు కొనుక్కోవచ్చు. అంటే ఎంత డబ్బున్నోడైనా కొండమీది కోట కొనాలంటే ముందు ఆ భూమి దున్నేటోడు, తర్వాత సర్కారు వద్దనాలె. ఈ హక్కులు కాగితం మీద ఎంత, నిజంగా ఎంత అమలయ్యాయి అన్నది వేరే సంగతి. హక్కు అంటూ రాసి ఉన్నది.

అట్లాంటి హక్కు మనకు లేదనుకునేరు. 1950లో వచ్చిన హైదరాబాద్ కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టంలో 38-డి సెక్షన్ సరిగ్గా ఇదే చెప్పింది. రక్షిత కౌలుదారు చేతిలో ఉన్న భూమిని అమ్మదలచిన పట్టాదారు ముందు అతనికే రాతపూర్వకంగా చెప్పాలె, జవాబివ్వడానికి అతనికి ఆరు నెలల గడువు. ఇటలీ రైతుకు 30 రోజులు, మన రైతుకు ఆరు నెలలు! ఇటలీ చట్టం పదిహేనేండ్ల తర్వాత వచ్చింది కూడా. మరి ఏమైంది?

మూడుసార్లు జరిగిన అమ్మకం

ఏమైందో తెలియాలంటే గడీ భూమి ఎక్కడి నుంచి వచ్చిందో కొంచెం వెనక్కి పోయి చూడాలె. దేశ్‌ముఖులు, దేశ్‌పాండ్యాలు మొదట శిస్తు వసూలు చేసే ఉద్యోగులు. 1865 ప్రాంతంలో సాలార్‌జంగ్ జిలాబందీ తెచ్చి సర్కారు ఉద్యోగులతోనే వసూళ్లు మొదలుపెట్టినప్పుడు వారికి వతన్లు, రుసుములు దక్కాయి. సర్వే సెటిల్‌మెంట్లు జరిగినప్పుడు కొలత గొలుసు ఎవరి చేతిలో ఉంటే భూమి వారి పేరు మీద ఎక్కింది. తరాలుగా దున్నుతున్న రైతు తన పొలంలోనే కౌలుదారైపోయాడు. విసునూరు దేశ్‌ముఖ్ రాపాక రామచంద్రారెడ్డి కింద 40 వేల ఎకరాలు, సూర్యాపేట వైపు జన్నారెడ్డి ప్రతాపరెడ్డి కింద లక్షన్నర ఎకరాలు పోగుబడ్డాయని తెలంగాణ పోరాట చరిత్ర చెప్తుంది. ఇంత భూమి ఎవడన్నా కొనగలడా? కొనలేదు కాబట్టే గడీకి అంత ఎత్తు గోడలు కావాల్సి వచ్చింది.

మన జిల్లాలో మొదటి పెద్ద అమ్మకం నీళ్లతో వచ్చింది. మంజీర మీద నిజాంసాగర్ ప్రాజెక్టు 1923లో మొదలై 1931లో పూర్తయింది. అలీ నవాజ్ జంగ్ కట్టిన ఆ కాలువ బోధన్, బాన్సువాడ, వర్ని వైపు పారేసరికి చెల్క భూమి బంగారమైంది. దొరలకు సేద్యం చేసే ఓపిక లేదు, రొక్కం మీద ఆశ ఉన్నది. కోస్తా జిల్లాల నుంచి వచ్చిన రైతులకు ఎకరాల కొద్దీ అమ్మారు. ఇప్పటికీ ఆ ఊర్లను క్యాంపులనే పిలుస్తున్నాం. ఆ రైతుల మీద మనకు పగ లేదు. వాళ్లు కట్టెలు కొట్టి, గట్లు వేసి, రెక్కల కష్టంతో చేన్లను తరి చేసుకున్నారు. అమ్మిన చేతి గురించే మనం మాట్లాడుతున్నాం. ఆ భూమి మీద అంతకు ముందు పాలుకు చేసుకున్న స్థానిక కుటుంబాలు కాలువ గట్ల మీద కూలికి నిలబడ్డాయి. 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పెట్టాక వాళ్ల పిల్లలు చెరకు నరికే గుంపుల్లో చేరారు.

1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాక తెలంగాణ లేచింది. దాదాపు 3 వేల గ్రామాల్లో సంఘం 10 లక్షల ఎకరాలు పంచింది. వెట్టి పోయింది. ఆ భయంతోనే 1949 ఆగస్టులో జాగీర్ల రద్దు, 1950లో కౌలుదారీ చట్టం వచ్చాయి. సర్కారు రక్షిత కౌలుదార్ల రిజిస్టర్లు రాసింది. రాసిన పేర్లు నాలుగేండ్లు తిరిగేసరికి ఏమయ్యాయో ఉస్మానియా విశ్వవిద్యాలయం అర్థశాస్త్రవేత్త ఎ.ఎం. ఖుస్రో ఊరూరా లెక్కలు తీయించి 1958లో అచ్చువేశాడు. 1951లో నూరు మంది రక్షిత కౌలుదార్లుంటే, ఆ హోదాలో మిగిలింది సుమారు 45 మంది. పన్నెండు మందే భూమి కొనుక్కోగలిగారు. చట్టప్రకారం ఖాళీ చేయించింది ఇద్దరు ముగ్గురినే. కాని అక్రమంగా వెళ్లగొట్టింది 22 మందిని. మరో 17, 18 మంది ‘స్వచ్ఛందంగా’ వదులుకున్నారట! ఆ స్వచ్ఛందం ఎట్లాంటిదో గడీ అరుగు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డవానికి తెలుసు. ఆరు నెలల నోటీసు ఎవరికిస్తారు, మనిషే రిజిస్టరులో లేకపోతే?

1961లో ఒక భూపరిమితి చట్టం వచ్చింది. దాని పరిమితి 27 ఎకరాల నుంచి 324 ఎకరాల దాకా. దాని కింద మునిగిన దొర ఎవడూ లేడు. 1973లో రెండో చట్టం వచ్చి తరి 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట 35 నుంచి 54 ఎకరాలు అని గిరి గీసింది. చట్టం అమలులోకి వచ్చింది 1975 జనవరి 1న. ఈ మధ్య కాలం దేనికి పనికొచ్చిందో చెప్పాల్సిన పని లేదు. కొడుకుల పేరు, అల్లుళ్ల పేరు, జీతగాళ్ల పేరు, చివరికి గడీలో కట్టేసిన కుక్క పేరు కూడా పట్టాకెక్కిందని ఊర్లలో ఎకసెక్కం ఆడేవారు.

అయినా దొర ఊర్లో నిలవలేదు. ఎందుకంటే చట్టం చేయలేని పని సంఘం చేసింది. 1978 సెప్టెంబరులో జగిత్యాలలో వేల మంది రైతుకూలీలు జైత్రయాత్ర తీశారు. పాలేర్ల జీతం, పంచరాయి, బంజరు, వెట్టి ఇవే డిమాండ్లు. అక్టోబరులో సర్కారు జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించి పోలీసు క్యాంపులు దింపింది. ఆ గాలి ఆర్మూరు, నందిపేట్ వైపు కూడా వీచింది. దొరలు ట్రాక్టర్లకు సామాను ఎక్కించుకుని హైదరాబాదు చేరుకున్నారు. పోతూ పోతూ భూములు అమ్ముకున్నారు. ఇది రెండో అమ్మకం. కొన్నది ఎవరు? పసుపు పండించి నాలుగు పైసలు కూడబెట్టిన రైతులు, గల్ఫ్‌లో రాళ్లెత్తి పంపిన సొమ్ముతో అన్నదమ్ములు, బీడీలు చుట్టిన ఆడవాళ్ల పొదుపు కలిసి ఎకరమో, అరెకరమో కొన్న కుటుంబాలు, కొన్నిచోట్ల దొర దగ్గరే తరాలుగా జీతమున్నవాళ్లు.

ఆ అమ్మకాల్లో ఎక్కువ భాగం తెల్లకాగితం మీదే నడిచింది. దానినే సాదాబైనామా అంటారు. రిజిస్ట్రీ ఖర్చు ఎందుకు, నా మాట కన్నా రిజిస్ట్రీ గొప్పదా అన్నాడు దొర. అసలు సంగతి వేరు. భూపరిమితి డిక్లరేషన్లో ఇరుక్కున్న భూమిని రిజిస్ట్రీ చేసే దారి అప్పుడు ఆయనకు లేదు. కొన్నవాడు నమ్మాడు, దున్నుకున్నాడు, బావి తవ్వాడు, బోరు వేశాడు. 1984లో పటేల్ పట్వారీ వ్యవస్థ రద్దయి దస్త్రాలు తాలూకా కచేరీకి, తర్వాత మండలాఫీసుకు పోయాయి. పహాణీలో అనుభవదారు కాలంలో కొన్నవాని పేరు పడుతూ వచ్చింది, పట్టాదారు కాలంలో మాత్రం దొర పేరు అట్లనే ఉండిపోయింది. 1989లో రికార్డు చట్టానికి 5-ఎ సెక్షన్ చేర్చి ఇట్లాంటి కొనుగోళ్లను క్రమబద్ధం చేసుకోవచ్చన్నారు. ఆఫీసుల చుట్టూ తిరగగలిగినవాళ్లు చేయించుకున్నారు. తిరగలేని కూలివాడు పొలం చేతిలో ఉంది కదా అని ఊరుకున్నాడు.

2020 అక్టోబరు 29న ధరణి వచ్చింది. అనుభవదారు కాలం ఎగిరిపోయింది. కంప్యూటరులో ఉన్నది పట్టాదారు ఒక్కడే. ముప్పై, నలభై ఏండ్లుగా దున్నుతున్నవాడు ఒక్క రాత్రిలో ఎవరికీ కానివాడయ్యాడు. ఎన్నడో ఊరు విడిచిన దొర వారసుడు మీట నొక్కితే మళ్లీ యజమాని అయ్యాడు. 2018 నుంచి ఎకరానికి పంటకు 4 వేలు, ఆ మరుసటి ఏడు నుంచి 5 వేల చొప్పున రైతుబంధు ఇచ్చారు, అదీ పట్టా ఉన్నవానికే. కౌలుదారుకు, తెల్లకాగితం రైతుకు రూపాయి రాలేదు. వారసులు ఊర్లోకి కార్లలో వచ్చి గడీ చుట్టూ కొలతలు తీయడం అప్పటి నుంచే ఎక్కువైంది. ఇది మూడో అమ్మకం. ఒకసారి డబ్బు పుచ్చుకున్న భూమినే మరోసారి అమ్మడం!

ధరణి కన్నా కొద్దిరోజుల ముందే సర్కారు సాదాబైనామాలకు దరఖాస్తులు పెట్టుకోమన్నది. లక్షల మంది మీసేవల ముందు వరుస కట్టారు. కొత్త చట్టంలో అందుకు సెక్షనే లేదని హైకోర్టు ఆపేసింది, ఆ కాగితాలు ఏండ్ల తరబడి అట్లనే మూలిగాయి. 2025లో వచ్చిన భూభారతి చట్టంలో ఆ పాత దరఖాస్తులకు మళ్లీ దారి పెట్టారు. మంచిదే. కాని అమ్మిన దొర చచ్చిపోయి, సాక్షి సంతకాలు పెట్టినవాళ్లు కూడా కాలం చేసి, మా తాత ఎవరికీ అమ్మలేదని మనవడు అంటే తహసీల్దారు ఏ కాగితం నమ్ముతాడు? రంది పడాల్సింది ఇక్కడే.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలె, నచ్చకపోయినా. దొర పోయిన తర్వాత గడీ పెత్తనం మొత్తంగా పోయిందా? ఆర్మూరు, నందిపేట్, బాల్కొండ వైపు గ్రామాభివృద్ధి కమిటీల పేరుతో నడుస్తున్న పంచాయితీలు చూడండి. కల్లు వేలం, దుకాణం వేలం, మాట వినని కులానికి జరిమానా, సాంఘిక బహిష్కరణ. దొర ఒక్కడు చేసిన పని ఇప్పుడు భూములు కొన్న పెద్ద రైతులు పదిమంది కలిసి చేస్తున్నారు. గడీ భూమి మీద తగాదా వస్తే తహసీల్దారు కన్నా ముందు ఆ కమిటీ కూర్చుంటున్నది. బేరగాండ్లు ముందు పట్టుకునేది కూడా కమిటీ పెద్దలనే.

వారసత్వం ఎవరిది

గడీలను కూలగొట్టాలని మనం అనడం లేదు. ఆ రాళ్లు ఎత్తింది వడ్డెరలు, ఆ తలుపులు చెక్కింది వడ్రంగులు, ఆ మొలలు కొట్టింది కమ్మరులు. ఎత్తింది మనమే కాబట్టి నిలబెట్టాలనే మనం అడగాలె. కామారెడ్డి జిల్లా దోమకొండ కోట చూడండి. సంస్థానం వారసులే దానిని పాత సున్నపు పద్ధతుల్లో బాగు చేయించారు, 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం వచ్చింది. లోపల కాకతీయుల నాటి మహాదేవుని గుడి ఉంది. పని బాగా జరిగింది, ఆ మాట దాచాల్సిన అవసరం లేదు. పాడుబెట్టి పాములకు వదిలేయడం కన్నా ఇది వెయ్యిరెట్లు మేలు. కాని ఆ కోటకు పోషణ ఇచ్చిన ఊర్ల చెమట ఎంత అన్న పలక కూడా ఒకటి ఆ గోడ మీద ఉండాలని అడిగితే తప్పేముంది?

ఇందూరు కిల్లాది ఇంకో కథ. అదీ కొండ మీది కోటే, పైన రఘునాథుని గుడి. నిజాం కాలంలో దానిని జైలు చేశారు. దాశరథి కృష్ణమాచార్యను, వట్టికోట ఆళ్వారుస్వామిని అక్కడే బంధించారు. ఆ కొండ ఎవరి చేతికీ అమ్ముడుపోలేదు కాబట్టే ఇవాళ మన పిల్లలు చేయిపట్టుకుని మెట్లెక్కి ఆ గదులు చూడగలుగుతున్నారు. జుక్కల్ వైపు కౌలాస్ కోట కూడా అంతే. 1857 తిరుగుబాటులో బ్రిటిషువాళ్లకు ఎదురు నిలిచిన రాజా దీప్‌సింగ్ కోట అది. అన్ని కోటలనూ ఒకే గాటన కట్టలేం. రిసార్టు కింద పోయిన కోటలో మాత్రం ఈ కథలన్నీ భోజనశాల గోడ మీది బొమ్మలే అవుతాయి.

రిసార్టు వస్తే ఊరికి పనులు వస్తాయి కదా అని చదువుకున్న యువకులు అంటున్నారు. వస్తాయి. తోటమాలి, కావలివాడు, గిన్నెలు కడిగే మనిషి. మన తాతలు గడీలో చేసిన పనులే, జీతం నెలకొకసారి ఇస్తారన్నదే తేడా. ఆ పని వద్దని కాదు. భూమి ఉండి ఆ పని చేయడం వేరు, భూమి పోయి ఆ పని చేయడం వేరు.

అమ్మకం గడీలతోనే ఆగదు. శక్కర్‌నగర్ వైపు చూడండి. నిజాం షుగర్స్ ఒకనాడు వేల ఎకరాల చెరకు క్షేత్రాలు, క్వార్టర్లు, బడులు, దవాఖానలతో ఒక ఎస్టేటు. 2002లో అప్పటి ప్రభుత్వం 51 శాతం వాటాను ఒక ప్రైవేటు కంపెనీ చేతిలో పెట్టింది. 2015 డిసెంబరులో బోధన్, ముత్యంపేట, ముంబోజిపల్లి మూడు యూనిట్లకూ తాళం పడింది. 2019లో కంపెనీ లా ట్రిబ్యునల్ దానిని ఆస్తులమ్మి అప్పులు తీర్చే దారి పట్టించింది. 2024 జనవరిలో పునరుద్ధరణకని మంత్రి శ్రీధర్‌బాబు అధ్యక్షతన కమిటీ వేశారు. దివాలా చట్టం 53వ సెక్షన్లో డబ్బు పంచే వరుస చూడండి: ముందు ఆ ప్రక్రియ ఖర్చులు, తర్వాత తాకట్టున్న బ్యాంకులతో సమానంగా కార్మికుల 24 నెలల బకాయిలు. కార్మికులు పోరాడి ఆ చోటు దక్కించుకున్నారు. సరుకు పోసి బాకీ మిగిలిన చెరకు రైతు మాత్రం ఎక్కడో చివరన, సర్కారు బాకీల తర్వాత. గానుగ ముందు బండితో నిలబడ్డప్పుడు కూడా అతనిది చివరి వరుసే.

గోదావరి ఒడ్డున మనకు ఇంకో అనుభవం కూడా ఉంది. 1963 జూలై 26న నెహ్రూ పునాది వేసిన పోచంపాడు వెనుక నీళ్లలో నందిపేట్ వైపు పొలాలు మునిగాయి. 1894 నాటి సేకరణ చట్టం కింద పరిహారం పట్టా చూసి ఇచ్చారు. ఆ పొలంలో కూలి చేసుకున్నవాడు కూడా నష్టపోయాడని చట్టం ఒప్పుకోవడానికి 2013 దాకా పట్టింది. పట్టాలో పేరుంటే మునిగినా మనిషే, పేరు లేకుంటే తేలినా మనిషి కాదు.

కనుక గడీ బేరానికి వచ్చిందని వినబడ్డ ఊర్లో సంఘం కార్యకర్తలు ముందు చూడాల్సింది 1954-55 ఖాస్రా పహాణీ. ఆ సర్వే నంబర్లలో అప్పుడు ఎవరు దున్నుతున్నారో అందులో ఉంటది. తర్వాత 1951 రక్షిత కౌలుదార్ల రిజిస్టరు. అందులో తాత పేరుంటే 38-ఇ సర్టిఫికెట్ ఎప్పుడన్నా ఇచ్చారా, ఇస్తే పట్టా ఎందుకు మారలేదు అని అడగాలె; ఆ సెక్షన్ కింద యాజమాన్యం 1973 జనవరి 1 నుంచే కౌలుదారుకు సంక్రమించాల్సి ఉండె. దొర ఇచ్చిన భూపరిమితి డిక్లరేషన్ నకలు కూడా తీయాలె, మిగులుగా తేల్చిన భూమి నిజంగా సర్కారు చేతికి వచ్చిందా లేక కాగితం మీదే మిగిలిందా తెలుస్తది. పంచిన అసైన్డు భూమైతే 1977 చట్టం కింద దానిని ఎవడూ కొనడానికి లేదు, అది గడీ బేరంలో కలిసి ఉంటే ఆ రిజిస్ట్రీ చెల్లదు. తెల్లకాగితం ఉన్నవాళ్లు 2020లో పెట్టిన దరఖాస్తు నంబరు వెతికి పెట్టుకోవాలె. శిస్తు రశీదులు, కరెంటు మోటరు బిల్లులు, సొసైటీ అప్పు పుస్తకం, పాత పహాణీ నకళ్లు ఒక్క దగ్గర జమ చేయాలె. తహసీల్దారు ఆఫీసులో నకళ్లు ఇవ్వమంటే, లేదు పొమ్మన్నారంటే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి; 30 రోజుల్లో జవాబివ్వాలె, దారిద్ర్యరేఖ కింద ఉన్నవాళ్లకు రుసుము లేదు. దరఖాస్తులో పాత సర్వే నంబరు, ఇప్పటి బై నంబరు రెండూ రాయండి. గడీ నిలబడ్డ సర్వే నంబరు కూడా అందులో చేర్చండి, అది ఒకప్పుడు గ్రామకంఠమా, బంచరాయా అన్నది కూడా తేలుతుంది.